కుసి బిగుతుగా కూర్చోవాలంటే ఏ జిగ్ కావాలి?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం మీద ఉన్నాయి: మోర్టైజ్, టెనాన్ అతుకు కోయడానికి ఏ జిగ్ ఎంచుకోవాలి అని. అందుకే మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి మొత్తం ఇదే రాస్తున్నాను. కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం ఒక్క మాట. ఒక చెక్కలో తొలిచే పొడుగాటి బెజ్జం మోర్టైజ్, రెండో చెక్క కొసన నాలుకలా మిగిల్చి ఆ బెజ్జంలోకి దూర్చే భాగం టెనాన్, అదే కుసి. కుసి మొదట్లో మెట్టులా ఉండి బెజ్జం చుట్టూ ఆనుకునే అంచును షోల్డర్ అంటారు. జిగ్ అంటే చెక్కనో మెషీన్‌నో ప్రతిసారీ ఒకే చోట నిలబెట్టే చట్రం. రౌటర్ అంటే వేగంగా తిరిగే బిట్‌తో చెక్కను తొలిచే చేతి మెషీన్, బిట్‌ను పైనుంచి కిందికి దించగలిగేది ప్లంజ్ రౌటర్. టేబుల్ సా అంటే బల్ల మధ్యలోంచి గుండ్రటి రంపపు బ్లేడు పైకి వచ్చే మెషీన్.

ప్రశ్న: ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు చెక్కపని చేస్తుంటాను. ప్లంజ్ రౌటర్, చిన్న టేబుల్ సా, డ్రిల్ ఉన్నాయి. ఆరు డైనింగ్ కుర్చీలు మొదలుపెట్టాను. అల్యూమినియంతో చేసిన రెడీమేడ్ జిగ్ ఒకటి వీడియోలో చూసి మనసు పడ్డాను. మా మిత్రుడేమో ప్లైవుడ్ ముక్కలతో సొంతంగా చేసుకో అంటున్నాడు. ఎవరి మాట వినాలి?

జవాబు: ఈ కుర్చీల వరకైనా మీ మిత్రుడి మాటే వినండి. ఎందుకో చెప్తాను, కాస్త ఓపిగ్గా చదవండి.

ముందు లెక్క వేసుకోండి. ఒక కుర్చీకి సీటు కింద నాలుగు అడ్డ బద్దలు, అంటే 8 అతుకులు, వీపు వెనక రెండు బద్దలు వేస్తే ఇంకో 4, మొత్తం 12. ఆరు కుర్చీలకు 72 అతుకులు. ఇన్నిసార్లు గీత గీసి, కంటితో చూసి, చేత్తో పట్టుకుని కోస్తే ఎక్కడో ఒకచోట తేడా వస్తుంది, ఆ తేడా కుర్చీ బిగించే రోజున ఒక కాలు గాల్లో లేవడంగా కనిపిస్తుంది. కాబట్టి జిగ్ కావాల్సిందే, అందులో అనుమానం లేదు. అయితే జిగ్ దానంతట అది కచ్చితత్వం తెచ్చిపెట్టదు, మీరు ఒకసారి ఇచ్చిన కొలతనే మళ్లీ మళ్లీ ఇస్తుంది. తప్పు కొలత ఇచ్చినా అంతే నమ్మకంగా 72 సార్లు ఇస్తుంది. అందుకని ఏ జిగ్ కొనాలి అని అడిగే ముందు ‘నా పనిలో మళ్లీ మళ్లీ అదే రావాల్సిన కొలత ఏది’ అని అడగాలి. మీ కుర్చీల్లో అది బెజ్జం వెడల్పు, బయటి ముఖం నుంచి దాని దూరం. బెజ్జం పొడవు అర మిల్లీమీటరు అటూ ఇటూ అయినా కొంప మునిగేదేమీ లేదు, లోతు కూడా అంతే. వెడల్పు, దూరం, ఈ రెండు కొలతలూ పట్టుకోవడానికి ప్లంజ్ రౌటర్, గైడ్ బుష్, ఒక ప్లైవుడ్ టెంప్లేట్ (రౌటర్‌కు దారి చూపే గాడి ఉన్న పలక) సరిపోతాయి.

గైడ్ బుష్ తెలియకపోతే: రౌటర్ అడుగు పళ్లెం మధ్యలో బిగించే చిన్న గొట్టం అది, బిట్ దాని లోపల తిరుగుతుంది, గొట్టం టెంప్లేట్ గాడిలో జారుతుంది. బుష్ బయటి వ్యాసం 16 మి.మీ., బిట్ 8 మి.మీ. అనుకుందాం. తేడా 8, అంటే ఒక్కో పక్కన 4 మి.మీ. లోపలికి బిట్ కోస్తుంది. కాబట్టి టెంప్లేట్ గాడి వెడల్పు 16 ఉండాలి, 40 మి.మీ. పొడవు బెజ్జం కావాలంటే గాడి పొడవు 48 ఉండాలి. ఇంతే లెక్క. ఈ గాడిని రౌటర్‌తో తొలవాలని చూడకండి, అక్కడే చాలామంది తంటాలు పడతారు. 12 మి.మీ. ప్లైవుడ్ లేదా ఎండీఎఫ్ పట్టీలు రెండు తీసుకుని, వాటి మధ్య సరిగ్గా 16 మి.మీ. వెడల్పున్న చిన్న ముక్కలు రెండు, 48 మి.మీ. ఎడంతో పెట్టి అతికించేయండి. గాడి దానంతట అదే వస్తుంది, అంచులు కూడా సూటిగా ఉంటాయి. అతికించే ముందు బుష్‌ను చేత్తో పట్టుకుని గాడిలో జార్చి చూడండి. పట్టేయకూడదు, అలాగని కటకటమని కదలకూడదు. జిగురు లోపలికి కారితే తడిగుడ్డతో అప్పుడే తుడిచేయండి, ఎండిన జిగురు బొట్టు ఒక్కటి చాలు, ప్రతి బెజ్జంలోనూ అదే చోట ఒక వంకర వస్తుంది.

టెంప్లేట్ అడుగున గాడికి సమాంతరంగా ఒక బద్ద బిగించాలి, అది ఫెన్స్. చెక్క ముఖం ఆ బద్దకు ఆనుతుంది. మీ కాలు 40 మి.మీ. చదరం, అడ్డ బద్ద మందం 22 అనుకోండి. బద్ద మధ్య గీత దాని ముఖం నుంచి 11 మి.మీ. దూరంలో ఉంటుంది. బద్దను కాలి ముఖానికి 5 మి.మీ. లోపలికి పెడితే కుర్చీ అందంగా ఉంటుంది, ఆ లెక్కన కాలిలో బెజ్జం మధ్య గీత 16 దగ్గర రావాలి. ఫెన్స్‌ను 16కు బిగించేయండి, అడ్డ బద్దను పెట్టేటప్పుడు మాత్రం ఫెన్స్‌కూ దానికీ మధ్య 5 మి.మీ. పట్టీ ఒకటి పెట్టండి. జిగ్ కదపకుండానే రెండు కొలతలూ వచ్చేస్తాయి. ఆ పట్టీని ఎక్కడ పడితే అక్కడ పెట్టకుండా జిగ్‌కే ఒక దారంతో కట్టేసుకోండి, నేనలాగే చేస్తాను.

అడ్డ బద్దకూ బెజ్జమేమిటి, దానికి కుసి ఉండాలి కదా అంటారేమో. మీ పనికి విడి కుసి మంచిదని నా అభిప్రాయం. అంటే రెండు చెక్కల్లోనూ ఒకే జిగ్‌తో బెజ్జాలు తొలిచి, మధ్యలో విడిగా చేసిన కుసి ముక్క దూర్చి జిగురు పెట్టడం. బిగుతుగా కుదిరితే బలంలో మామూలు కుసికి తీసిపోదు. కుర్చీల్లో దీనికి ఇంకో పెద్ద లాభం ఉంది. కుర్చీ సీటు సాధారణంగా ముందు వెడల్పుగా, వెనక సన్నగా ఉంటుంది, కాబట్టి పక్క బద్దలు కాలిలోకి కొంచెం కోణంలో వస్తాయి. చెక్కలోంచి కోసిన కుసి అయితే షోల్డర్లూ పక్కలూ ఆ కోణానికి తగ్గట్టు కోయాలి, అది తలనొప్పి. విడి కుసి అయితే బద్ద కొసను ఆ కోణంలో కోసి, కోసిన ముఖానికి నిటారుగా బెజ్జం తొలిస్తే చాలు, కుసి ముక్క నేరుగా కూర్చుంటుంది. ఒకటే జాగ్రత్త: బద్ద కొసలో తొలిచేటప్పుడు బద్దను నిలువుగా బిగించాలి, దాని పక్కన మందమైన దిమ్మె ఒకటి కలిపి క్లాంప్ చేస్తేనే రౌటర్ కూర్చోవడానికి చోటుంటుంది. చోటు చాలకుండా రౌటర్ ఊగితే బెజ్జం పాడవడం అటుంచి, చేతికి ప్రమాదం.

బిట్ విషయంలో పొదుపు చేయొద్దు. పొట్టును పైకి లాగే స్పైరల్ అప్‌కట్ బిట్ తీసుకోండి, మామూలు స్ట్రెయిట్ బిట్ లోతు బెజ్జంలో పొట్టును అక్కడే తిప్పుతూ వేడెక్కిపోతుంది. ఒక్క దెబ్బకు లోతుగా దించకండి, 3, 4 మి.మీ. చొప్పున దించుతూ అటూ ఇటూ జరపండి, మధ్యమధ్యలో వాక్యూమ్‌తో పొట్టు లాగేయండి. ఇంకొకటి, కొనే ముందు బిట్ పొడవు చూసుకోండి. 25 మి.మీ. లోతు కావాలంటే టెంప్లేట్ మందం 12 కలిపి బిట్ అడుగు పళ్లెం కిందికి 37 దిగాలి, అయినా షాంక్ (బిట్ కాడ) ఇంకో 20 మి.మీ. అయినా కోలెట్ (రౌటర్‌లో బిట్‌ను బిగించే భాగం) లోపల పట్టులో ఉండాలి. దిగడం లేదని బిట్‌ను కోలెట్‌లోంచి బయటికి లాగి కొసన బిగించే అలవాటు చాలామందికి ఉంది. దయచేసి ఆ పని చేయకండి, బిట్ జారి కిందికి దిగిపోతుంది, ఒక్కోసారి విరుగుతుంది.

లోతు గురించి కూడా చెప్పాలి. పైన చెప్పిన కొలతల్లో కాలికి రెండు వైపుల నుంచీ బెజ్జాలు వస్తాయి, లోతు 20 మి.మీ. దాటగానే లోపల రెండూ కలుస్తాయి. కలిస్తే నష్టం లేదు, కుసి కొసలను 45 డిగ్రీల్లో కోస్తే రెండూ లోపల మూల కలుపుకుని కూర్చుంటాయి. 25 దాకా వెళ్లండి, కుర్చీ మీద మనిషి వెనక్కి వాలే బరువంతా మోసేది పక్క బద్దల వెనక అతుకులే, అక్కడ ఆ అయిదు మిల్లీమీటర్లకు విలువ ఉంది.

ఇక మీరు మనసు పడ్డ రెడీమేడ్ జిగ్‌ల సంగతి. కెనడా కంపెనీ లీ తయారు చేసే ఎఫ్‌ఎంటీ లాంటివాటిలో ఒకే గైడ్ మీద, చెక్కను ఒకే చోట బిగించి, బెజ్జమూ కుసీ రెండూ కోయొచ్చు, కుసి బిగుతును వెంట్రుకవాసి తేడాతో సర్దుకోవచ్చు. చాలా మంచి వస్తువు. అదే కెనడాకు చెందిన మథియాస్ వాండెల్ రూపొందించిన పాంటోరౌటర్ మాదిరి మెషీన్లలో టెంప్లేట్ అసలు కుసికి రెట్టింపు సైజులో ఉంటుంది, టెంప్లేట్‌లో ఉన్న చిన్న తప్పు చెక్క మీదికి వచ్చేసరికి సగమైపోతుంది, ఆ ఆలోచన నాకెంతో నచ్చింది. వీటిని వద్దు అనను. నెలనెలా తలుపులూ కుర్చీలూ కొలతలు మారుస్తూ చేసేవాళ్లకు ఇవి కాలం ఆదా చేస్తాయి. మీరు చేయబోయేది ఒకే కొలతలో ఒక సెట్టు. ప్లైవుడ్ జిగ్ ఒక సాయంత్రంలో అయిపోతుంది, పైగా జిగ్ ఎలా పనిచేస్తుందో మీ చేతికి తెలుస్తుంది. ఆ తర్వాత కొనాలనిపించినా ఏం చూసి కొనాలో మీకే తెలుస్తుంది.

నేను మొదటిసారి ఇలాంటి టెంప్లేట్‌తో ఒక బల్ల చేసినప్పుడు నాలుగు కాళ్లకూ బెజ్జాలు తొలిచేశాను, ఎంతో తృప్తిగా, ప్రతిదీ అచ్చు గుద్దినట్టు. బిగించబోతే తెలిసింది, నాలుగూ ఎడమ కాళ్లే. కుడి కాలికి చెక్కను తిప్పి రెండో ముఖాన్ని ఫెన్స్‌కు ఆనించాలన్న సంగతి ఆ ఊపులో మరిచిపోయాను. మంచి టేకు కాళ్లు రెండు పక్కన పడేయాల్సి వచ్చింది. అప్పటి నుంచీ కాళ్లను ముందే నిలబెట్టి, పై కొసల మీద నాలుగింటినీ కలుపుతూ సుద్దతో ఒక పెద్ద త్రిభుజం గీస్తాను, బయటి ముఖాలన్నిటి మీదా ఒక అడ్డగీత పెడతాను. ఆ గీత ఉన్న ముఖమే ఫెన్స్‌కు ఆనాలి. మెషీన్ ఆన్ చేసే ముందు గీత కనిపించడం లేదంటే, అది ఫెన్స్ వైపే ఉందా అని వంగి చూస్తాను. మీరూ అలాగే చేయండి.

ప్రశ్న: టేబుల్ సా మీద జారే టెనాన్ జిగ్ వాడుతున్నాను. ఒకే సెట్టింగ్‌లో పది బద్దలు కోస్తే నాలుగు కుసులు బిగుతు, మూడు వదులు, మూడు సరిగ్గా వస్తున్నాయి. జిగ్‌లో లోపమా? మార్చేయమంటారా?

జవాబు: మార్చకండి. మీ బద్దల మందం కొలిచి చూడండి, వెర్నియర్‌తో, పదింటినీ. తేడా అక్కడే దొరుకుతుందని దాదాపు ఖాయంగా చెప్పగలను.

మీరు ఒక పక్క కోసి, బద్దను తిప్పి, రెండో పక్క కోస్తున్నారు కదా. అలా తిప్పినప్పుడు ఒక కోత ఒక ముఖం నుంచి, రెండో కోత రెండో ముఖం నుంచి కొలిచినట్టు అవుతుంది. అందువల్ల మందంలో తేడా నేరుగా కుసిలోకి దిగిపోతుంది. కోసిన ముక్క జిగ్‌కు అవతలి వైపు పడేలా మీరు కోస్తుంటే, బద్ద 0.3 మి.మీ. లావైతే కుసి అంతే సన్నబడుతుంది. లావు బద్దకు వదులు కుసి ఏమిటని చాలామంది తికమకపడేది ఇక్కడే.

దీనికి మందు తిప్పడం మానేయడమే. ఎప్పుడూ ఒకే ముఖాన్ని జిగ్‌కు ఆనించి మొదటి కోత కోయండి, తర్వాత జిగ్‌కూ బద్దకూ మధ్య ఒక పట్టీ దూర్చి అదే ముఖంతో రెండో కోత కోయండి. పట్టీ మందం ఎంతుండాలంటే, కావాల్సిన కుసి మందం, దానికి రంపపు బ్లేడు కోసే గాటు వెడల్పు కలపాలి. గాటు 3 మి.మీ., కుసి 8 కావాలంటే పట్టీ 11. ఇక బద్ద 21 ఉన్నా 22 ఉన్నా కుసి 8 మాత్రమే వస్తుంది. బిగుతు సర్దడానికి పట్టీకి సెల్లోటేపు ఒక వరస అంటించండి, లేదా మామూలు ప్రింటింగ్ కాగితం ముక్క కలపండి. కాగితం మందం సుమారు 0.1 మి.మీ., కుసి అంత లావవుతుంది. చేతికి ఆ తేడా స్పష్టంగా తెలుస్తుంది.

ఈ పద్ధతిలో ఒక నియమం తప్పనిసరి: పక్కలు ముందు కోయాలి, షోల్డర్లు తర్వాత. షోల్డర్ ముందే కోసేస్తే, రెండో కోతలో ఊడిపడిన ముక్క బ్లేడుకూ జిగ్‌కూ మధ్య ఇరుక్కుని మీ మీదికి ఎగిరొస్తుంది. షోల్డర్ కోసేటప్పుడు కూడా అంతే, బద్ద కొసను నేరుగా టేబుల్ సా ఫెన్స్‌కు, అంటే బ్లేడుకు సమాంతరంగా ఉండే పట్టీకి, ఆనించి కోయకండి. ఫెన్స్ మీద బ్లేడుకు బాగా ఇవతల ఒక చిన్న దిమ్మె క్లాంప్ చేసి, దానికి ఆనించి కొలత పెట్టుకుని, అక్కడి నుంచి ముందుకు తోయండి. అప్పుడు ఊడిన ముక్కకు పక్కన ఖాళీ ఉంటుంది. జిగ్ లేకుండా బద్దను నిలువుగా చేత్తో పట్టుకుని కుసి కోసేవాళ్లను చూశాను. ఎంత చేయి తిరిగినవాళ్లయినా సరే, అది చేయకూడని పని.

ప్రశ్న: డొమినో మెషీన్ కొంటే ఈ జిగ్‌ల గొడవంతా ఉండదంటున్నారు. నిజమేనా? చదరపు బెజ్జం కొట్టే మోర్టైజర్ మెషీన్ కన్నా అది మేలా?

జవాబు: చాలావరకు నిజమే. ఫెస్టూల్ కంపెనీ డొమినోలో బిట్ తిరుగుతూనే అటూ ఇటూ ఊగుతుంది, కాబట్టి చేత్తో పట్టుకుని నొక్కితే కొన్ని సెకన్లలో బెజ్జం తయారు, దానికి సరిపోయే విడి కుసులు రెడీగా దొరుకుతాయి. చిన్న మోడల్ డీఎఫ్ 500 గరిష్ఠంగా 28 మి.మీ. లోతు, పెద్దది డీఎఫ్ 700 అయితే 70 మి.మీ. దాకా తొలుస్తుంది. అల్మారాలు, ఫ్రేములు, చిన్న బల్లలు చేసేవాళ్లకు చిన్నది చాలు. వీధి తలుపు లాంటి బరువైన పనికి 28 లోతు నాకు సరిపోదనిపిస్తుంది. అలాంటి తలుపు మీద రోజూ పడే లాగుడు వేరు, దానికి 50కి తగ్గకుండా ఉంటేనే నాకు నిద్ర పడుతుంది.

మోర్టైజర్ సంగతి వేరు. నాలుగు పలకల గొట్టం ఉలి, దాని లోపల తిరిగే బర్మా. బర్మా తొలుస్తుంది, ఉలి మూలలు చెక్కుతుంది, చదరపు మూలల బెజ్జం వస్తుంది. విడిగా నిలబడే మెషీన్ అయితే మంచిదే. డ్రిల్ ప్రెస్‌కు తగిలించే అటాచ్‌మెంట్ మాత్రం గట్టి చెక్కలో నన్ను సంతృప్తి పరచలేదు. డ్రిల్ ప్రెస్ హ్యాండిల్‌కు అంత నొక్కుడు బలం ఉండదు, ఉలిని పైకి లాగేటప్పుడు చెక్కను పట్టి ఉంచే కొక్కెం వంగిపోతుంది. ఏది వాడినా బర్మా మొనకూ ఉలి అంచుకూ మధ్య ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటరు ఎడం ఉంచండి. రెండూ రాసుకుంటే ఉలి నీలంగా మాడిపోతుంది, ఇక దానికి పదును నిలవదు. కొత్త ఉలి పెట్టెలోంచి తీసినది తీసినట్టు వాడకండి, లోపలి వాలుకు పదును పెట్టి, బయటి నాలుగు ముఖాలూ రాతి మీద నునుపు చేస్తే సగం కష్టం తగ్గిపోతుంది.

ప్రశ్న: రౌటర్‌తో తొలిస్తే బెజ్జం కొసలు గుండ్రంగా వస్తాయి, కుసి మూలలు చదరంగా ఉంటాయి. ఏది మార్చాలి?

జవాబు: మీకు ఏది సులువైతే అది. నేను కుసి మూలలనే ఆకురాయితో గుండ్రం చేస్తాను, నాలుగు రాపిళ్లలో అయిపోతుంది. అచ్చం సరిపోవాల్సిన పని లేదు, మూల దగ్గర కాస్త ఖాళీ ఉన్నా బలం తగ్గదు, ఎందుకంటే జిగురు పట్టు ప్రధానంగా కుసి వెడల్పాటి పక్కల మీద ఉంటుంది. అవతలికి కనిపించే ఆరపార కుసి అయితే మాత్రం బెజ్జం మూలలే ఉలితో చదరం చేయండి, చూసేవాళ్లకు ఆ మూలే కనిపిస్తుంది. విడి కుసి అయితే పొడవాటి పట్టీ ఒకటి చేసి, 8 మి.మీ. మందానికి 4 మి.మీ. రేడియస్ రౌండోవర్ బిట్‌తో అంచులు గుండ్రం చేసుకుని, కావాల్సినన్ని ముక్కలు కోసుకోండి. లోపల చిక్కుకున్న గాలీ, మిగిలిన జిగురూ బయటికి రావడానికి పట్టీ మీద రంపంతో నిలువుగా ఒక సన్న గాటు పెట్టండి. అది లేక కుసి సగం దూరి ఆగిపోయి, క్లాంప్ ఎంత బిగించినా దిగక, ఈలోగా జిగురు పట్టేసి, ఆ టెన్షన్ పడ్డవాళ్లు చాలామంది ఉన్నారు.

ప్రశ్న: నాకు చేతి డ్రిల్ తప్ప కరెంటు పనిముట్లు లేవు. అపార్ట్‌మెంట్‌లో ఉంటాం, చప్పుడు చేయలేను. రంపం, ఉలులు, కొడతి ఉన్నాయి. నాలాంటి దానికి పనికొచ్చే జిగ్ ఏదైనా ఉందా?

జవాబు: ఉందమ్మా. అసలు ఈ అతుకు పుట్టింది రౌటర్లతో కాదు. జర్మనీలో లైప్‌జిగ్ దగ్గర తవ్వకాల్లో దొరికిన ఓక్ చెక్క బావి చట్రాలు ఏడు వేల ఏళ్ల నాటివి, వాటిలో కుసి అతుకులు ఉన్నాయి. అప్పటికి లోహపు పనిముట్లే లేవు, రాతి పనిముట్లతో చేశారు. మీ ఉలి దానికన్నా ఎంతో మెరుగు.

మీకు కావాల్సిన జిగ్ ఒక దిమ్మె. గట్టి చెక్కతో, అంగుళంన్నర మందం, ఒక జానెడు పొడవు, నాలుగు ముఖాలూ మూలమట్టానికి సరిగ్గా ఉండేలా చిత్రిక పట్టినది. బెజ్జం గీత వెంబడి ఆ దిమ్మెను క్లాంప్ చేసి, ఉలి వీపును దిమ్మె ముఖానికి ఆనించి దించండి. ఉలి వాలిపోవడం అనే సమస్యే ఉండదు. మోర్టైజ్ గోడ నిటారుగా రాకపోవడమే చేతిపనిలో ఎక్కువ మందికి ఎదురయ్యే ఇబ్బంది, ఈ ఒక్క దిమ్మె దాన్ని తీరుస్తుంది. కుసి కోయడానికి కూడా అదే దిమ్మెను షోల్డర్ గీత మీద పెట్టి, రంపపు పలకను దానికి ఆనించి కోయొచ్చు. దిమ్మె ముఖంలో రెండు చిన్న అయస్కాంతాలు, తల బయటికి రాకుండా పూడ్చుకుంటే రంపం దానికి అతుక్కుని నడుస్తుంది.

చప్పుడు తగ్గాలంటే ముందు డ్రిల్‌తో పక్కపక్కనే రంధ్రాలు వేసి, మిగిలిన గోడలను కొడతి లేకుండా, ఉలిని చేత్తో నొక్కుతూ చెక్కండి. బిట్ మధ్యలో సూది మొన ఉండే బ్రాడ్ పాయింట్ రకం తీసుకోండి, పక్కకు జారదు. డ్రిల్‌తోనే పనంతా అవ్వాలంటే బీడ్‌లాక్ అనే చిన్న గైడ్ ఉంది. ఒకదాని మీద ఒకటి ఎక్కేలా వరస రంధ్రాలు వేయిస్తుంది, ఆ వంపులకు సరిపోయే విడి కుసి పట్టీలు దానికి దొరుకుతాయి. చిన్న బల్లలకు, ఫ్రేములకు చక్కగా పనిచేస్తుంది. డ్రిల్ బిట్‌ను నడిపించే స్టీలు గొట్టాలు ఉంటాయి కాబట్టి చేయి వంకరపోయే భయం తక్కువ. కానీ నన్నడిగితే ముందు ఆ దిమ్మె చేసుకుని, పాత చెక్క ముక్కల మీద ఓ పది బెజ్జాలు తొలవండి, నాలుగో దానికే చేయి కుదురుతుంది.

చివరగా అందరికీ పనికొచ్చే ఒక ప్రశ్న, ఒక పాఠకుడు ఒకే వాక్యంలో అడిగింది: బెజ్జం ముందా, కుసి ముందా?

జవాబు: బెజ్జం ముందు. బెజ్జం వెడల్పు బిట్ ఎంత ఉంటే అంతే, ఉలి ఎంత ఉంటే అంతే, దాన్ని సర్దడం కష్టం. కుసిని మాత్రం చిత్రికతో ఒక పొర తీసి సర్దుకోవచ్చు. అందుకే జిగ్ మీద శ్రమ పెట్టేటప్పుడు కూడా ముందు బెజ్జం వైపు జిగ్ సరిచూసుకోండి, కుసిది తర్వాత. కుసి మందం బద్ద మందంలో సుమారు మూడో వంతు, పొడవు బెజ్జం లోతుకన్నా ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్లు తక్కువ, జిగురు నిలవడానికి ఆ చోటు కావాలి. జిగురు లేకుండా దూర్చి చూసినప్పుడు అరచేత్తో నొక్కితే దిగాలి, సుత్తి అడగకూడదు, చెక్కను తలకిందులుగా పట్టుకుంటే ఊడి పడకూడదు. అలా వచ్చిన మొదటి జతను వాడేయకుండా, దాని మీద బిట్ సైజు, పట్టీ మందం, ఫెన్స్ దూరం పెన్సిల్‌తో రాసి జిగ్‌తో పాటే గోడకు తగిలించండి. ఏడాది తర్వాత అదే కుర్చీకి జత అడిగినప్పుడు జిగ్‌ను ఆ ముక్కకు ఆనించి బిగించుకుంటే చాలు.